వట్టివేళ్ల తడకా, నాలుగొందల యాభై మెగాహెర్ట్జూ

ఛత్రినాకలో చల్లదనం కావాలంటే మా దుకాణానికే రావాలి. వట్టివేళ్ల తడకలు, కూలర్లలో కూరే చెక్కగడ్డి, తాటాకు విసనకర్రలు, మట్టి కూజాలు, ఇనప రేకు కూలర్లు, అన్నీ మా బాపు బసవయ్య దగ్గర దొరికేవి. దుకాణం వెనకాలే మా ఇల్లు. పైన రేకులు, కింద మేం నలుగురం. ఆ ఇంట్లో మాత్రం ఒక్క కూలరు ఉండేది కాదు. అమ్మే సరుకు ఇంట్లో వాడుకుంటే బర్కత్ పోతుందని మా తాత ఎప్పుడో సెలవిచ్చాడట. తాత పోయాడు, మాట మిగిలింది. మే నెల వచ్చిందంటే మెడకు తడిగుడ్డ చుట్టుకుని, గోడ అవతల గుట్టలుగా పడి ఉన్న చల్లదనాన్ని తలుచుకుంటూ ఇవతల ఉడికిపోయేవాళ్లం. పరాయివాళ్లు వింటే నవ్వుతారు. నాకు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

రెండు వేల సంవత్సరం వేసవిలో ఆ మంటకు ఇంకో కారణం తోడైంది. నేను అమీర్‌పేటలో మల్టీమీడియా కోర్సు చేశాను. బంజారాహిల్స్‌లో కొత్తగా పెట్టిన ఒక కార్టూన్ స్టూడియో వాళ్లు, నిమిషం నిడివి బొమ్మల సినిమా సొంతంగా చేసి సోమవారం పొద్దున సీడీలో తెమ్మన్నారు. నచ్చితే ఉద్యోగం. ఆ సంగతి బాపుతో చెప్పాను. బాపు ఎవరినీ దేనికీ వద్దనే మనిషి కాదు.

"ఆళ్లు తీస్కుంటె చెయ్యి బిడ్డా," అన్నాడు. "తీస్కోకుంటె బీఎడ్ చదువు. టీచరమ్మకు ఎండకాలం సెలవులుంటయి. సీజన్ల దుకాణం సూస్కోవచ్చు."

నవ్వుతూనే అన్నాడు. కానీ నా బతుకంతా ఆ ఒక్క మాటలో కనిపించింది. ఏడాది పొడుగునా బడిలో పిల్లల మీద అరవడం, సెలవులిచ్చాక తడకలకు నీళ్లు చల్లి గిరాకీలకు చూపించడం. ఆ స్టూడియో వాళ్లు నన్ను తీసుకోవాల్సిందే, ఇంకో దారి లేదనుకున్నాను.

సినిమా తయారుచేశాను కూడా. చిక్కు ఆ తర్వాత వచ్చింది. బొమ్మలు కట్టి వాటికి కదలికలు పెట్టడం వరకే నా పని. ఏ బొమ్మ మీద వెలుగెక్కడ పడాలో, నీడెక్కడ పడాలో కంప్యూటరే లెక్కకట్టుకుంటూ అసలు సినిమాను బయటికి తీస్తుంది. దాన్ని రెండరింగ్ అంటారు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం మన చేతిలో ఉంటుంది, ఉడకడం దాని ఇష్టం. మా కంప్యూటర్ కొత్తదే గానీ మహా నిదానం. ఒక్కో బొమ్మను పైనుంచి కిందికి గీతలు గీతలుగా వడ్డిస్తోంది. అది చూసి మా తమ్ముడు విశాల్ తాపీగా చెప్పాడు.

"అక్కా, గిట్ల పోతె సోమారం కాదు, మంగళారం అయితది."

విశాల్ పేరుకు డిగ్రీ చదువుతున్నాడు. చేసేది మాత్రం కంప్యూటర్ విప్పడం, బిగించడం. అది ఇంటికొచ్చిన వారంలోనే దాని డబ్బాకు ఒక పక్క రేకు ఊడింది, మరలు అమ్మ పోపుల డబ్బాలో తేలాయి. నా ఏడుపు ముఖం చూసి వాడు మందు చెప్పాడు. చిప్పు మీద మూడు వందల మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుందట. లోపల సెట్టింగులు మారిస్తే అదే చిప్పు నాలుగు వందల యాభైకి పరుగెడుతుందట. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట.

"తయారుచేసెటోళ్లు ఎందుకైనా మంచిదని తక్కువ రాస్తరక్కా. లోపల దమ్ము మస్తుంటది. మనం జర గుంజాలె, గంతే."

"గుంజితే ఏమైతది?"

"ఏం గాదు. జర వేడెక్కుతది."

ఆ 'జర'ను నమ్మి ఒప్పుకున్నాను. శుక్రవారం పొద్దున అది నిజంగానే పరుగెత్తింది. బొమ్మలు టకటకా వచ్చి పడుతుంటే విశాల్ కాలరు ఎగరేశాడు. ఎండ రేకుల మీదికి ఎక్కగానే స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, మీట నొక్కితే పలకదు. ఆపి మళ్లీ మొదలుపెడితే కాసేపు నడిచి మళ్లీ బిగుసుకుంది. అప్పటికే అయిన బొమ్మలు ఎక్కడికీ పోవు, కానీ పోయిన సమయం తిరిగి రాదు. పాత స్పీడుకు దించితే బిగుసుకోదు, అయితే సోమవారానికి అందదు. పెంచితే అందుతుంది, అయితే ఈ రేకుల కింద బతకదు. మేమే బతకలేకపోతుంటే అదెక్కడ బతుకుతుంది.

విశాల్ వైద్యం మొదలుపెట్టాడు. టేబుల్ ఫ్యాన్ పెట్టాడు, అది ఉన్న వేడిగాలినే ఇంకా జోరుగా కొట్టింది. పాత ఆంప్లిఫయర్‌లోంచి పీకిన అల్యూమినియం దిమ్మను తెచ్చి చిప్పు పక్కన దారంతో కట్టాడు, అది జారి దభీమని కింద పడింది. ఆ చప్పుడుకు మా అమ్మ లక్ష్మీకాంతమ్మ వంటింట్లోంచి వచ్చింది. కంప్యూటర్‌ను చేత్తో తాకి చూసి నొచ్చుకుంది.

"జరమొచ్చినట్టున్నది గదరా. నెత్తిన తడిబట్టేస్తె దిగుతది," అని మెడ చుట్టూ ఉన్న గుడ్డ తీసి దాని మీద పరచబోయింది.

విశాల్ కంప్యూటర్‌కు అడ్డంగా పడ్డాడు. "అమ్మా, నీకు దండం పెడ్త. నీళ్లు తగిల్తె గది సచ్చిపోతది."

"గట్లయితె సల్లగాలన్న పెట్టుండ్రి," అని అమ్మ గుడ్డ మళ్లీ మెడకు చుట్టుకుని వెళ్లిపోయింది.

నేనూ విశాలూ ఒకేసారి గోడ వైపు చూశాం. ఆ గోడ అవతలే ఊరంతటికీ సరిపడా చల్లగాలి ఉంది. తాత మాట దాటి కూలరు ఇంట్లోకి రాదు. అలాంటప్పుడు కంప్యూటరే దుకాణంలోకి వెళ్లాలి. బాపును అడిగితే కాదనడు గానీ, చూద్దాం చూద్దాం అంటూ దసరా దాకా చూస్తాడు. మేం అడగకుండా ఆయనంతట ఆయనే అడిగేలా చేయాలి.

అందుకు మాకు రామలింగయ్య కాకా పనికొచ్చాడు. రోడ్డుకు అవతలి పక్క ఆయనదీ కూలర్ల దుకాణమే. బాపూ ఆయనా పొద్దున పోటీ పడతారు, సాయంత్రం కలిసి చాయ్ తాగుతారు. ఆ వారం ఆయన తన కూలరు మూతికి రంగురంగుల కాగితాలు కట్టి ఎగరేస్తున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. బాపు గద్దె మీద కూర్చుని ఆ కాగితాలను చూస్తూ పళ్లు నూరుతున్నాడు.

"బాపు, రామలింగయ్య కాకా కాగితాలు మస్తు ఎగురుతున్నయి," అన్నాను శనివారం పొద్దున చాయ్ అందిస్తూ.

"ఎగరనీ. కాగితానికి సల్లగున్నదా వేడిగున్నదా ఏం ఎర్క."

"నేను గదే అంటున్న. పెద్ద పెద్ద ఆఫీసులల్ల మనుషుల కోసం కాదు, కంప్యూటర్ కోసం ఏసీ పెడ్తరు. గసొంటి కంప్యూటర్‌నే బసవయ్య తడక సల్లగుంచుతదని జనాలకు తెలుస్తె ఎట్లుంటది?"

బాపు సాసరు నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఆయన చూపు రోడ్డు దాటి కాగితాల మీదికి వెళ్లి, తిరిగి వచ్చి, గోడకున్న తాత పటం మీద నిలిచింది.

"మన సరుకు మనమే వాడుకున్నట్టయితది గదనే."

"వాడుతలేం బాపు. చూపెడ్తున్నం."

తాత పటం ఏమీ అనలేదు. బాపు చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, "ఏడున్నది మీ కంప్యూటర్, తెండ్రి," అన్నాడు.

కాసేపట్లో కంప్యూటర్ దుకాణం నడిమధ్యకు చేరింది. ఎదురుగా అన్నిటికంటే పెద్ద కూలరు, దానికి మూడు వైపులా కొత్త వట్టివేళ్ల తడకలు. తుంపర తగలనంత దూరం చూసుకుని విశాల్ బల్ల వేశాడు. నాలుగు వందల యాభై మీద రెండరింగ్ మొదలుపెట్టి, చిప్పు మీది రేకును వేలితో తాకి, కళ్లు మూసుకుని నవ్వాడు. అంత చల్లగా ఉందట. ఇలాగే ఆగకుండా నడిస్తే ఆదివారం పొద్దు గూకేసరికి అయిపోతుందన్నాడు.

మానిటర్ మీద నేను తువ్వాలు కప్పేశాను. స్క్రీన్ ఆపితే వేడి తగ్గుతుందని బాపుతో చెప్పాను. అసలు కారణం వేరే ఉంది. నా సినిమాలో లావుపాటి షావుకారు ఒకడుంటాడు. ఎలుక వచ్చి బెల్లం అడిగితే ఇస్తాడు, దిండు అడిగితే ఇస్తాడు, విసనకర్ర అడిగితే అదీ ఇస్తాడు. అలా ఇచ్చీ ఇచ్చీ ఎలుక గద్దె మీదికి, షావుకారు రోడ్డు మీదికి వస్తారు. ఆ షావుకారుకు బట్టతల, గుబురు మీసం, గుండ్రటి బొర్ర. ఎవరిని చూసి చేశానో నేను చెప్పను. బొర్ర మాత్రం పని తేలికవుతుందని పెట్టాను, కంప్యూటర్‌లో ఒక్క గోళం సరిపోతుంది.

ఒకసారి ఒప్పుకున్నాక బాపును పట్టడం మా తరం కాలేదు. ఆదివారం పొద్దున్నే మెట్ల మీద నిలబడి దారిన పోయేవాళ్లను పిలవడం మొదలుపెట్టాడు.

"ఆవో భాయ్, కంప్యూటర్ దేఖో. ఏసీల బతికే చీజ్. బసవయ్య తడక గాలికి ఎంత ఆరామ్‌గ ఉన్నదో జర సూసి పోండ్రి."

జనం వచ్చారు. రావడమే కాదు, కూర్చున్నారు. బయట అంత ఎండ, లోపల అంత గాలి, ఎవరు మాత్రం లేస్తారు. ఒకాయన ఏకంగా కూలరుకూ కంప్యూటర్‌కూ మధ్య స్టూలు వేసుకుని పేపరు విప్పాడు. చిప్పుకు తగలాల్సిన గాలంతా ఆయన వీపుకు తగులుతోంది. బాపు ఎవరినీ లేవమనలేడు, పైగా అందరికీ చాయ్ తెప్పించాడు. ఇక చీపురు నేను పట్టుకున్నాను.

"పెదనాయినా, గాలి కంప్యూటర్‌కు తగలాలె, నీకు గాదు. జర జరుగు."

"దానికి గాలెందుకమ్మా, దానికేమన్న చెమటొస్తదా," అన్నాడాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆయన కాళ్ల చుట్టూ దుమ్ము లేచేలా ఊడ్చాను. దగ్గుకుంటూ జరిగాడు. నా వెనకే విశాల్ సుద్దముక్కతో నేల మీద గీత గీసి, దాటితే షాక్ కొడుతుందని ప్రచారం చేశాడు.

బాపు అంతటితో ఆగలేదు. జనం ముక్కుపుటాలు ఎగరేయడం చూసి, ఊపు వచ్చి, చార్మినార్ దగ్గర కొన్న వట్టివేళ్ల అత్తరు సీసా తెచ్చి కూలరు తొట్టిలో గుమ్మరించాడు. విశాల్ నెత్తి పట్టుకున్నాడు. ఆ కంప్యూటర్ మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ, ఆన్ చేసినప్పుడల్లా పెళ్లివారింటి వాసన కొట్టేది.

తడకలు మాత్రం అమ్ముడుపోయాయి. ఎవరికి వాళ్లు చుట్టలు చుట్టి ఆటోల్లో ఎక్కిస్తుంటే, రోడ్డుకు అవతల రామలింగయ్య కాకా కాగితాలు ఎవరి కోసమూ కాకుండా ఎగురుతున్నాయి. మధ్యాహ్నానికి ఆయన ఓర్చుకోలేక మా దుకాణంలోకే వచ్చేశాడు.

"బసన్నా, గిందులో ఏదో నడుస్తున్నదంటరు, మరి గీ టీవీ ఎందుకు బందున్నది? ఉత్త డబ్బా పెట్టి జనాలను ఉల్లు చేస్తున్నవా?" అని, నేను అడ్డం వచ్చేలోపు తువ్వాలు లాగి మానిటర్ మీట నొక్కాడు.

స్క్రీన్ వెలిగింది. అప్పుడే ఒక కొత్త బొమ్మ పైనుంచి మొదలైంది. ముందు మెరిసే బట్టతల వచ్చింది. కాసేపటికి కనుబొమలు దిగాయి. తర్వాత మీసం వచ్చింది. దుకాణంలో ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. బొర్ర సగానికి వచ్చేసరికి పేపరు పెదనాయన కూడా లేచి నిలబడ్డాడు. నేను తాత పటం వైపు చూస్తూ నిలబడ్డాను.

బాపు చాలాసేపు చూశాడు. ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"రామలింగం," అన్నాడు ఆనందంగా, "గిది నువ్వే."

"నేనా?" రామలింగయ్య కాకా స్క్రీన్ దగ్గరికి వంగాడు. "బొర్ర సూడు బసన్నా. గిది మీ ఖాందాన్ బొర్ర. మీ నాయిన పటంల గూడ గిట్లనే ఉన్నది."

"మీసం సూడు మరి. గింత మందం మీసం నాకున్నదా?"

ఇద్దరూ పక్కపక్కనే పక్కకు తిరిగి నిలబడ్డారు. జనం ఒకసారి స్క్రీన్‌ను, ఒకసారి ఇద్దరి బొర్రలను చూసి తీర్పులు చెప్పడం మొదలుపెట్టారు. సగం మంది బాపు అన్నారు, సగం మంది కాకా అన్నారు. ఆఖరికి ఇద్దరూ నా మీద పడ్డారు.

"కీర్తీ, నువ్వే చెప్పు. ఎవలు గిది?" అన్నాడు కాకా.

"మీ ఇద్దర్ని చూసుకుంట పెరిగిన గద కాకా, చెయ్యి గట్ల పోయింది," అన్నాను. ఎదుటివాడి బొమ్మే అని ఇద్దరికీ నమ్మకం కుదిరింది. కాకా నవ్వుకుంటూ రోడ్డు దాటాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడొచ్చాడు ఆగయ్య.

ఆగయ్య సంతోష్‌నగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్‌లో మేనేజరు, బాపుకు పాత గిరాకీ. ఆ సాయంత్రమే హాల్లో పెళ్లి. పెళ్లికొడుకు గదిలో కూలరు తడకలు కుళ్లి వాసన వస్తున్నాయట.

"కూలర్‌కు సరిపోను మూడు తడకలు ఇయ్యి బసన్నా. పెళ్లికొడుకోళ్లు మస్తు లొల్లి చేస్తున్నరు."

గోడ వారన గుట్టలుండే చోట ఉత్త నేల కనిపిస్తోంది. ఉన్నవన్నీ పొద్దుటి నుంచీ వెళ్లిపోయాయి. మిగిలినవి మూడే మూడు, అవి కంప్యూటర్ ముందున్న కూలరుకే ఉన్నాయి. ఆగయ్య వాటి వైపే వేలు చూపించాడు.

ఇక్కడ మా దుకాణం ఆచారం ఒకటి చెప్పాలి. మా దుకాణంలో గిరాకీతో 'లేదు' అనకూడదు. సరుకు అయిపోతే 'వస్తున్నది' అనాలి, 'నిండుకున్నది' అనాలి. దుకాణంలో ఆ మాట వినపడితే లక్ష్మి లేచి వెళ్లిపోతుందట. ఎవరైనా నోరు జారితే ఆ క్షణంలోనే షట్టర్ దించేయాలి. మళ్లీ పసుపునీళ్లు చల్లి, దీపం వెలిగించాకే తీయాలి. మిగతా దుకాణాలవాళ్లు మాట వరకు పాటిస్తారు, మా బాపు దాన్ని బతుకంతా పాటించాడు. ఎవరేం అడిగినా ఇచ్చేశాడు. మా ఇంట్లో కుర్చీలు ఊళ్లో పెళ్లిళ్లన్నీ తిరిగి, కొన్ని తిరిగి రాలేదు కూడా.

బాపు నోరు తెరిచాడు, మూశాడు. కంప్యూటర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆగయ్య వైపు చూశాడు.

"గివే తీస్కపో తియ్యి," అన్నాడు నీరసంగా, కూలరు కొక్కేల మీద చెయ్యి వేస్తూ.

నేను విశాల్ వైపు చూశాను. "సాయంత్రం దాక కావాలె అక్కా," అన్నాడు వాడు గొణుగుతూ. తడకలు పోతే ఆ ఎండకు చిప్పు మళ్లీ బిగుసుకుంటుంది. సోమవారం ఖాళీ చేతులతో వెళ్లాలి. ఆ తర్వాత బీఎడ్, ఎండాకాలం సెలవులు, ఈ దుకాణం. అడిగినవాళ్లందరికీ అన్నీ ఇచ్చే మనిషి, ఇంట్లో పిల్ల వంతు వచ్చేసరికి దాన్ని కూడా ఎవరికో ఇచ్చేస్తున్నాడు.

గద్దె దగ్గరికి వెళ్లి, దుకాణమంతా వినపడేలా చెప్పాను.

"తడక లేదు."

బాపు చెయ్యి కొక్కెం మీదే ఆగిపోయింది. ఒక్కసారి అన్నది ఆయన విననట్టు నటిస్తాడేమోనని భయం వేసింది.

"గడ్డి లేదు. కూజా లేదు. విసనకర్ర లేదు. మా దుకాణంల ఏం లేదు," అన్నాను. చెప్పొద్దూ, మొదటిది కష్టమైంది గానీ తర్వాతవి చాలా హాయిగా వచ్చాయి.

జనం చాయ్ గ్లాసులు కింద పెట్టి, చెప్పులు వెతుక్కుని, ఒకరి వెనక ఒకరు దిగిపోయారు. అందరూ ఛత్రినాక వాళ్లే, అందరికీ ఆచారం తెలుసు. ఆగయ్య ఏదో అనబోతే పేపరు పెదనాయన ఆయన రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. విశాల్ గబగబా షట్టర్ దించాడు. వాడంత ఉత్సాహంగా దుకాణం పని చేయడం నేనెప్పుడూ చూడలేదు.

చప్పుడుకు అమ్మ వెనక తలుపులోంచి వచ్చింది. బాపు గద్దె మీద కూలబడ్డాడు.

"ఎరిగే అన్నవా బిడ్డా?"

"ఎరిగే అన్న బాపు."

"సీజన్ల. ఐతారం నాడు."

ఆయన తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆ ముఖం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పళ్లు బిగబట్టి నిలబడ్డాను. షట్టర్ మూశాక లోపల ఉక్క పెరిగింది. బాపు అలవాటు కొద్దీ లేచి, గాలి ఆడేలా వెనక తలుపు బార్లా తీసి వచ్చి కూర్చున్నాడు. కూలరు ఆడుతోంది, కంప్యూటర్ నడుస్తోంది. దీపం పెట్టేది సాయంత్రమే కదా, ఇక అప్పటిదాకా ఫికర్ లేదనుకున్నాను.

మా అమ్మ సంగతి మరిచిపోయాను.

"గంతదానికి గట్ల కూసుంటవేంది," అంది బాపుతో. "తానం చేసి దీపం పెడితె అయిపాయె గద. మా మామ గూడ ఒకపారి గట్లనే చేసె."

అమ్మను కొరికేసేలా చూశాను. బాపు లేచి, వెనక్కి వెళ్లి, నెత్తిన చెంబులతో నీళ్లు గుమ్మరించుకుని, తడిపంచెతో వచ్చాడు. పసుపునీళ్లు చల్లాడు. లక్ష్మీదేవి పటం ముందు ప్రమిద పెట్టి, వత్తి వేసి, నూనె పోశాడు. అగ్గిపెట్టె తీశాడు. దీపం వెలిగితే షట్టర్ లేస్తుంది, షట్టర్ లేస్తే తడకలు పెళ్లికి వెళ్తాయి. నేను వెళ్లి కూలరుకు ఆనుకుని నిలబడ్డాను.

"జరుగు బిడ్డా. ఆగయ్యకు మాటిచ్చిన."

"నాకు గూడ ఇచ్చినవ్. ఆళ్లు తీస్కుంటె చెయ్యమన్నవ్. ఆళ్లకు చూపెట్టనీకె ఏమన్న ఉంటెనే గద తీస్కునేది."

బాపు అగ్గిపుల్ల గీయలేదు, పెట్టెలో పెట్టలేదు. ఆ సందు చూసి విశాల్, "బాపు, అయినంత వరకు సూస్తవా?" అని రెండరింగ్ కాసేపు ఆపి, సినిమా వేశాడు.

బాపు అగ్గిపుల్ల చేత్తోనే వంగి చూశాడు. ఎలుక వచ్చింది. షావుకారు బెల్లం ఇచ్చాడు, దిండు ఇచ్చాడు. విసనకర్ర ఇచ్చి తాను అరచేత్తో విసురుకున్నాడు. అమ్మ ముందు నవ్వింది, తర్వాత బాపు వైపు చూసి నవ్వడం ఆపేసింది. ఎలుక గద్దె ఎక్కింది. షావుకారు ఎండలో రోడ్డు మీద నిలబడి తన దుకాణాన్ని తనే చూసుకుంటున్నాడు. అక్కడితో స్క్రీన్ నల్లబడింది.

"మల్ల?" అన్నాడు బాపు.

"ఇంక ఉడుకుతనే ఉన్నది," అన్నాను. విశాల్ మళ్లీ రెండరింగ్ మొదలుపెట్టాడు.

"సేటు దుకాణం సేటుకు వాపసొస్తదా?"

"తడకలుంటెనే తెలుస్తది బాపు."

ఆయన నా వైపు అదోలా చూశాడు. బేరంలో తనను మించిన మనిషి ఎదురైనప్పుడు చూసే చూపు అది.

"గా సేటు రామలింగం గాదు గదా," అన్నాడు మెల్లగా.

"కాదు బాపు."

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, నల్లటి స్క్రీన్ మీద మళ్లీ గీతలు గీతలుగా దిగుతున్న బట్టతలను చూస్తూ ఉండిపోయాడు. అంతలో షట్టర్ ఎవరో దబదబా బాదారు.

"బసన్నా, నేను ఆగయ్యను." షట్టర్ అవతల గొంతు వగరుస్తోంది. "రామలింగయ్య తాన ఉత్త గడ్డే ఉన్నది. పెళ్లికొడుకోళ్లకు వట్టివేళ్లదే కావాల్నట. నువ్వు ఇస్తనంటివి గద. షట్టర్ జర తియ్యి."

మేం ముగ్గురం కదల్లేదు. బాపు లోపల ఉన్నానంటే ఇక ఇవ్వక తప్పదు. ఎదురుగా నిలబడి అడిగినవాడికి ఆయన ఎన్నడూ ఇవ్వకుండా ఉండలేదు.

"బసన్నా, లోపలున్నవా?"

బాపు చేతిలోని అగ్గిపుల్లను చూశాడు. లక్ష్మీదేవి పటం వైపు చూసి, తప్పు అన్నట్టు చెంపలు వేసుకున్నాడు. చేదు మందు మింగేవాడిలా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"లేడు," అన్నాడు.

ఆ గొంతు ఎరగని మనిషి ఛత్రినాకలో లేడు. షట్టర్ అవతల ఆగయ్య పాపం ఏం అనాలో తెలియక ఆలోచిస్తున్నట్టుంది.

"మరి ఎప్పుడొస్తడు?" అన్నాడు చివరికి.

బాపు కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"రేపు పొద్దుగాల బిడ్డను కొలువు కాడ దింపి వస్తడు," అని చెప్పి, అగ్గిపెట్టెను గద్దె కింద పడేసి, కూలరులో పోయడానికి బకెట్టు పట్టుకుని నీళ్లకు వెళ్లాడు.